మేనమామ ఉదరం: దాఖలైన అభ్యంతరాలు

1998 ఏప్రిల్ 5, కరీంనగర్

ఎవరికి సంబంధించునో ఆ ఘనత వహించిన అధికార వర్గములకు —

నా పొట్టపై అధికారం ఎవరిదో ఇంతవరకు తేలలేదు గనుక పేరు రాయకుండానే విన్నవించుకుంటున్నాను. హైదరాబాదులో నా పెద్దపేగులోని గడ్డను, గడ్డతో పాటు ఆ పేగు ముక్కను, కీహోల్ పద్ధతిలో తొలగించిరి. గడ్డ ప్రమాదకరమైనది కాదని పరీక్షలో తేలినది. ఇంటికి పంపిరి. ఇకమీదట సదరు పొట్ట చెడినచో బాధ్యులను నిర్ణయించుటకు వీలుగా ఈ పుటలు తెరవడమైనది.

ఇట్లు, పొట్టను మోయు వ్యక్తి. డిగ్రీ కళాశాలలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించువాడు. పాలనను ఎన్నడూ కళ్లారా చూడనివాడు.

ఏప్రిల్ 6

సర్జన్ మాటలు మరచిపోకముందే రాసుకోవాలి. బెజ్జాలు చిన్నవే. కాని బొడ్డు దగ్గరి బెజ్జాన్ని కాస్త కోసి వెడల్పు చేశారు — పేగు ముక్క బయటికి రావాలి కదా. హెర్నియా వస్తే అక్కడే వస్తుందట. లోపలి కండపొర గట్టిపడేలోగా ఒత్తిడి పడితే పొర విచ్చుకుంటుంది, పేగు తోసుకొచ్చి చర్మం కింద ఉబ్బుగా కనిపిస్తుంది.

ఎవరికి ఎక్కువగా వస్తుందని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి మొదలుపెట్టాడు. లావు పొట్ట. సిగరెట్, దానితో వచ్చే దగ్గు. షుగర్. కుట్టు దగ్గర చీము పట్టడం. మలబద్ధకంతో ముక్కడం. తొందరపడి బరువులెత్తడం... వింటున్నంతసేపు ఎవరో నా జాతకం చదువుతున్నట్టే ఉంది. ఆ చివరిది ఒక్కటే నాకు వర్తించదు. సుద్దముక్కను మించిన బరువు నేను ఎత్తి ఎరుగను.

“మూడు నెలలు నీళ్ల బిందె కూడా ముట్టొద్దు.” ముట్టను. ఇన్నేళ్లుగా ముట్టలేదు.

ఏప్రిల్ 9

పరామర్శకులు. పడుకున్న రోగిని లేపి కూర్చోబెట్టి “పండుకో, పండుకో” అనడం మన జిల్లా మర్యాద. ఉదయం నుంచి ఎన్నిసార్లు లేచానో పొట్టకే తెలుసు.

ప్రతి ఒక్కరికీ కోత చూడాలని ఉంటుంది. చొక్కా ఎత్తుతాను. ముఖాలు వాడిపోతాయి. పక్కింటి రిటైర్డ్ తహసీల్దారు కళ్లద్దాలు తుడుచుకొని మరీ వంగి చూశాడు.

“గిదేంది సారూ, దోమ కుట్టినట్టున్నది. గింత దానికి హైదరాబాద్ దాక పోతివా?”

మచ్చ పొడవును బట్టి జబ్బును కొలిచే శాస్త్రం ఇక్కడ స్థిరపడి ఉంది. దాని ప్రకారం నాకు ఆపరేషన్ జరగలేదు.

ఏప్రిల్ 12

బొడ్డు దగ్గర తడి. చీము. కొంచెం. సుశీల రోజూ కట్టు మారుస్తోంది. ఈరోజు ఒక్క మాట లేకుండా మార్చింది... అంటే భార్యకు సిగరెట్ వాసన తగిలింది.

ఏప్రిల్ 15

చెన్నూరు నుంచి అక్క, బావ. బావది పాత ఆసాముల ఇల్లు. భూమి సగం పోయినా గొంతు పూర్తిగా మిగిలింది.

పరామర్శ రెండు నిమిషాలు. ఆపైన అసలు పని. వాళ్ల బిడ్డ లత పెండ్లి, మే నెలలో. పిల్లవాడు దుబాయిలో ఉద్యోగం. సెలవు దొరికింది అప్పుడే, కాబట్టి వాయిదా మాట లేదు. మా ఇండ్లలో పెండ్లిపిల్లను మేనమామ చేతుల మీద ఎత్తుకొని మండపానికి తెస్తాడు. గడప దాటాక పీట మీద కూర్చునే దాకా ఆమె కాలు నేలకు తగలరాదు. అక్కకు నేనొక్కణ్ణే తమ్ముణ్ణి.

సర్జన్ ఉత్తర్వు చదివి వినిపించాను.

“ఏందిరా తమ్మీ, గా సూదిపోట్లకు గింత కథనా?” అంది అక్క.

బావ బనీను పైకెత్తాడు. రొమ్ము కింది నుంచి బొడ్డు దాటిన మచ్చ. ఎప్పుడో కడుపులో పుండుకు వరంగల్‌లో కోయించుకున్నది.

“ఆపరేషనంటే గిది. నెల తిరగకముందే వడ్ల బస్తా లేపిన. నాకేమైంది?”

మచ్చ మధ్యలో ఇంత నారింజ పండు పరిమాణంలో ఉబ్బు. ఆయన నవ్వినప్పుడల్లా అది కూడా ముందుకు వచ్చి సమర్థిస్తోంది.

“మరి గదేందన్నా?” అని సుశీల.

“గ్యాసమ్మా. ఎప్పటి నుంచో ఉన్నది.”

హెర్నియాను సాక్ష్యంగా ప్రవేశపెట్టి హెర్నియా రాదని వాదించిన మనిషిని ఈ రోజే చూశాను.

ఏప్రిల్ 16

వెళ్లేముందు అక్కతో మరో ప్రతిపాదన చేశాను. మా చిన్నాయన కొడుకు శంకర్ గట్టివాడు. వాడు ఎత్తవచ్చు.

“సొంత మేనమామ బతికుండంగ ఇంకోడు ఎత్తుడేంది? పిల్లకు మేనమామ సచ్చిపోయిండనుకుంటరు.”

వాదం పటిష్ఠమైనదే. అందులో ఇచ్చిన ఏకైక మినహాయింపును వినియోగించుకొనుటకు నేను ప్రస్తుతం సిద్ధంగా లేను.

ఏప్రిల్ 22

దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదుముకోమన్నారు. సిగరెట్ మానమన్నారు. మొదటిది తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

ఏప్రిల్ 30

చీరలు తీసుకోవడానికి అక్క, లత వచ్చారు. అక్క వంటింట్లోకి పోగానే లత నా మంచం పక్క కూర్చుంది.

“మామా, నిజం చెప్పు. నన్ను లేపుతె ఏమైతది?”

చెప్పాను. పొర, పేగు, ఉబ్బు, మళ్లీ కోత. మొత్తం విన్నది. ఈ వంశంలో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన మొదటి మనిషి.

“నేను జర బరువే ఉన్న మామా. బావిల బొక్కెన లెక్క గుంజుడు గాదు నన్ను. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను నడుస్త. నువ్వు చెయ్యి పట్టుకో, సాలు.”

“మా అక్క ఒప్పుకోదు.”

“ఒప్పుకోకుంటె గడపల్నే కూసుంట. పెండ్లిపిల్లను కొడ్తరా ఎవలన్న?”

మే 8

చీము తగ్గింది. షుగర్ తగ్గలేదు. పరామర్శకులు తెచ్చిన మిఠాయి తిననిచో వారి మనసు నొచ్చుకొనును. మనసు సున్నితం, పేగు కాదని వారి నమ్మకం.

మే 13, చెన్నూరు

పందిరి వేశారు. ఎండ. గోదావరి మీది గాలి కూడా వేడిగానే ఉంది. అక్క నాతో మాట్లాడటం లేదు. నడిచే వస్తానని లత చెప్పేసినట్టుంది.

మే 15, చెన్నూరు

నిన్న పెండ్లి. రాయలేకపోయాను. కూర్చుంటే...

లత గడప దగ్గరికి వచ్చింది. నా చేయి పట్టుకుంది. నడిచింది. బ్యాండు ఆగలేదు గాని పందిట్లో మాటలు ఆగిపోయాయి. వీడియో లైటు మా ముఖాల మీద. సగం దూరం వచ్చాం.

“గిదేంది, పిల్లను నడిపిచ్చుకొస్తున్రు?” మగపెండ్లివారిలో ఓ పెద్దమనిషి. “మేనమామకు చేతులు లేవా?”

“ఆపరేషనైందట.”

“ఏడ? కోతనే కనిపియ్యదట గదా! ఉత్తగనే పండుకున్నడేమో సారు!”

నవ్వులు. బావ తల దించుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వాళ్ల దిక్కు సూడకు మామా. నడువు,” అంది లత, పెదవులు కదపకుండా.

చూశాను. ఎవరి అభిప్రాయానికి జీవితమంతా చాక్‌పీసు పొడి విలువ కూడా ఇవ్వలేదో, ఆ ముఖాలనే చూశాను. వంగాను. ఎత్తాను.

“వద్దు మామా... దించు... దించు!”

దించలేదు. పీట దాకా మోశాను. చప్పట్లు కొట్టారు. నాకు బాగానే అనిపించింది — ఇది కూడా నమోదు చేయవలసిందే. దించేటప్పుడు బొడ్డు పక్కన లోపల ఎక్కడో ముడి విప్పినట్టయింది.

మే 17, కరీంనగర్

నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుంది. దగ్గితే తిరిగి వస్తుంది.

దింపడానికి వచ్చిన బావ వేలితో నొక్కి చూశాడు. “గ్యాసే.” అనుభవజ్ఞుల అభిప్రాయం.

మే 20

“ఎందుకెత్తిన్రు?” అంది సుశీల, కట్టు గుడ్డ మడుస్తూ.

దిండు సర్దుకున్నాను.

“మీ అక్క కోసమా?”

కాదు.

“లత కోసమా?”

అవునని ఉంటే బాగుండేది.

మే 24

ఇచ్చోడ నుంచి ఫోన్. అత్తగారింటి నుంచి లత. వెనక ఎవరో పిలుస్తున్నారు.

“మామా, కడుపెట్లున్నది?”

“మంచిగున్నది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“నా బరువుతోని ఏం గాలే గదా? నాకు నిద్ర పడ్తలేదు మామా. పీట మీద కూసున్నప్పుడు నీ మొఖం సూసిన నేను.”

“నీతోనా? నువ్వెంత బరువనుకున్నవు? దూదిపింజ లెక్కున్నవు.”

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతో దగ్గు. రెండో చేత్తో బొడ్డు అదిమి పట్టుకొని ఫోన్ పెట్టేశాను.

మే 28

రేపు హైదరాబాదు. సర్జన్ మొదటి ప్రశ్న ఏమిటో తెలుసు: ఏమైనా బరువెత్తారా?

గదిలో సుశీల కూడా ఉంటుంది. అక్కడ నేను ఔనంటే, ఎత్తడం వల్లే ఉబ్బిందన్న మాట ఆమె నోట చెన్నూరుకు పోతుంది. అక్క తనను తాను వదిలేసి, నడుస్తానన్న బిడ్డ మొండితనమే కారణమంటుంది. అక్కడి నుంచి ఇచ్చోడకు ఎంతసేపు. కొత్త ఇంట్లో ఆ పిల్ల ఆ మాట మోస్తూ తిరగాలి.

కాదంటే వైద్యుడికి అబద్ధం. ఆయన మళ్లీ కుట్టేది ఆ మాటను నమ్మే. సుశీల నా వైపు చూస్తుంది. ఆమె ఏమంటుందో...

కావున అధికార వర్గములకు ఇందుమూలముగా దాఖలు చేయునది:

డిమాండు నంబరు 1. సదరు హెర్నియాకు కారణములు నిర్ణయించునపుడు లావు, సిగరెట్, దగ్గు, షుగర్, చీము — వీటన్నింటిని ఎట్టి రాయితీ లేకుండా నా పేరనే జమకట్టవలెను. బరువు అను కారణం తప్పనిసరి యైనచో దాని ఎదుట నా అహంకారము అని మాత్రమే ఉండవలెను. లత పీట దాకా తన కాళ్లతోనే నడిచి వచ్చినదని ధ్రువీకరించవలెను.