టాంపా జట్టుకు జాతకం

ఆడమ్స్‌టౌన్,
డబ్లిన్, ఐర్లండ్,
20 ఆగస్టు 2020

కొండల్ రావు అంకుల్‌కి నమస్కారాలు.

జాతకాల సంగతి ఫోన్లో మాట్లాడనన్నారు కాబట్టి స్టాంపు అంటించి రాస్తున్నాను. మీ అమ్మాయి యోగితా నేనూ పెళ్లి చేసుకుంటామంటే నక్షత్రాలు కలవలేదని కాదన్నారు. సరే, మీ జ్యోతిషానికి ఒక పరీక్ష. మా ఆఫీసులో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ఎవరు గెలుస్తారో చెప్పే పోటీ పెట్టారు. ముప్ఫై రెండు జట్ల పేర్లూ, పుట్టిన తేదీలూ వెనక పేజీలో ఉన్నాయి. ఫిబ్రవరి ఫైనల్లో గెలిచేదెవరో ఇప్పుడే చెప్పండి. తప్పైతే మా పెళ్లికి అడ్డు రాకూడదు. నిజమైతే నేనే తప్పుకుంటాను.

విధేయుడు,
ఆశిష్

తా.క. కరోనాలో సీజన్ అసలు సాగుతుందో లేదో కూడా మీరే చెప్పాలి.

అత్లోన్,
27 ఆగస్టు

చి. ఆశిష్‌కు ఆశీస్సులు.

మందుల కంపెనీలో ఇన్నేళ్లు టెస్టులు చేసినోణ్ణి, నాకే టెస్టు పెడతవా? పందెం ఒప్పుకున్న. సీజన్ సాగుతది. జట్లన్నీ చూసిన. ఏందయ్యా ఇది, వాషింగ్టన్ వాళ్లకు పేరే లేదు! పాతది తీసేసి కొత్తది పెట్టలేదట. బారసాల కాని జట్టుకు జాతకం ఎట్లెయ్యాలె? లాస్ వేగాస్ వాళ్లు ఈ ఏడే ఇల్లు మారిండ్రు, ముహూర్తం ఎవరు పెట్టిండ్రో!

ఫైనల్ టాంపాలోనట. ఇంకేంది? స్వక్షేత్రంలో ఉన్న గ్రహానికి తిరుగులేదు. సొంతూళ్లో ఉన్న టాంపా జట్టే గెలుస్తది. రాసి పెట్టుకో.

శుభం కోరే
కొండల్ రావు

తా.క. చేతుల్తో ఆడే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెవరు పెట్టిండ్రు? ఆ బారసాల కూడా సరిగ్గ జరగలే.

ఆడమ్స్‌టౌన్,
4 సెప్టెంబరు

అంకుల్‌కి నమస్కారాలు.

మీ జోస్యం మీటింగులో చదివితే అందరూ మ్యూట్ తీసి మరీ నవ్వారు. సొంత మైదానంలో ఫైనల్ ఆడిన జట్టే ఇంతవరకూ లేదట! మీ మీద గౌరవం కొద్దీ నా ఓటూ టాంపాకే వేశాను. పెళ్లికి హాలు వెతుకుతున్నాను.

సంతోషంతో,
ఆశిష్

తా.క. ఆంటీకి ఏ రంగు చీర ఇష్టం?

అత్లోన్,
26 అక్టోబరు

ఆశిష్‌కు,

ఆశీస్సులు ఈసారి ఆపిన. నిన్న టాంపా ఆటకని ఎప్పటిలెక్క తొమ్మిదింటికి టీవీ పెడితే సగం అయిపోయింది! నువ్వు క్లోనీలో డేటా సెంటర్ల పనిచేస్తవు గదా, అక్కడేం తిప్పినవు?

అనుమానంతో,
కొండల్ రావు

తా.క. చీర వద్దు.

ఆడమ్స్‌టౌన్,
30 అక్టోబరు

అంకుల్,

ఒట్టు, నేనేం తిప్పలేదు. వేసవిలో ఇక్కడ గడియారాలు గంట ముందు నడుస్తాయి కదా, మొన్న ఆదివారం వెనక్కి జరిపారు. అమెరికా వాళ్లు వచ్చే ఆదివారం జరుపుతారు. అందుకే ఈ వారం ఆట మనకు గంట ముందే మొదలైంది, అంతే.

మీ ఆశిష్

తా.క. టాంపా ఇలాగే గెలుస్తుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఆడమ్స్‌టౌన్,
8 ఫిబ్రవరి 2021

అంకుల్‌కి,

టాంపా గెలిచింది. మాట ఇచ్చాను, తప్పుకుంటున్నాను. యోగితకు ఎదురుగా కూర్చుని చెబుదామంటే లాక్‌డౌన్‌లో అయిదు కిలోమీటర్లు దాటితే పోలీసులు ఆపుతున్నారు. ఏడుపొస్తోంది అంకుల్. ఆఫీసు పోటీలో మొదటి బహుమతి నాకే వచ్చింది. కాఫీ కప్పు. అది మీది, పంపుతున్నాను.

ఓడిన
ఆశిష్

తా.క. ఆంటీ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా కూడా తిరిగిచ్చేయాలా?

అత్లోన్,
12 ఫిబ్రవరి

చి. ఆశిష్‌కు వెయ్యి ఆశీస్సులు.

కప్పు అందింది, అందులోనే చాయ్ తాగుకుంట రాస్తున్న. నువ్వు ఎక్కడికీ తప్పుకోకు. అక్టోబరుల నువ్వు రాసిన వేసవి గంట నాకు నిద్ర పట్టనియ్యలే. యోగిత పుట్టింది జూన్‌ల, డబ్లిన్ ఆసుపత్రిల. గోడ గడియారం చూసి వేళ రాసుకున్న. ఆ గంట తీసెయ్యలే! పందెం తేలేదాకా పంచాంగం ముట్టనని పంతం పట్టి ఆగిన. నిన్న తీసి చూస్తే పిల్ల నక్షత్రమే మారింది. నీదానితో బ్రహ్మాండంగ కలిసింది. తప్పు నాది కాదు, ఐర్లండ్ గడియారానిది.

నీకు కాబోయే మామ,
కొండల్ రావు

తా.క. ఇప్పటి కరోనా రూల్ల పెళ్లికి ఆరుగురే. పురోహితుడు నేనే గనక ఒక కుర్చీ మిగిలింది.

ఇంకో తా.క. బాబూ, నేను సత్యవాణి ఆంటీని. గడియారం గంట ముందుందని నర్సు ఆరోజే చెప్పింది. నేను ఈయనకు అప్పుడే చెప్పిన. కన్నదాని మాట ఎవరు వింటరు, టాంపా గెలవాలె గదా! సీసా తిరిగియ్యకు, పచ్చడి మళ్లీ పంపుతున్న.