దిగని చక్రం

ఇందుకూరుపేట,
బుధవారం.

అక్కకు, తమ్ముడు మాలకొండయ్య నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మాత్రలు వేసుకుంటోందా? ఇక్కడ గాలంతా ఉప్పు, ఆరేసిన చొక్కా కూడా జిడ్డుగానే ఉంటుంది. చేపల పులుసు అలవాటైంది. తిండికి లోటు లేదు, దిగులు పడొద్దు. ఫోనులో చెప్పలేనిది ఒకటుండి రాస్తున్నాను.

రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూడడం నా పని. మా యజమాని సరదాకి ఎగరేయించే రిమోటు విమానం బాగోగులూ నావే. అది పైకి లేవగానే మీట నొక్కితే చక్రాలు రెండూ కొంగ కాళ్లలాగా రెక్కల్లోకి ముడుచుకుంటాయి. దిగేముందు నొక్కితే తెరుచుకుంటాయి. నడిపేది నాతోపాటు గుంటల దగ్గర పనిచేసే దాసన్న. నేను వచ్చినప్పటి నుంచి తన ఇంట్లోనే చోటిచ్చి అన్నం పెడుతున్నాడు.

మొన్న ఆదివారం సముద్రపు ఒడ్డున దించబోతే ఒక చక్రమే తెరుచుకుంది. రెండోది సగంలో ఆగింది. "దా తల్లీ, కాలు చాపు" అని బతిమాలుతూ దాసన్న మూడు చుట్లు తిప్పాడు. బ్యాటరీ అయిపోవచ్చింది, దించక తప్పలేదు. రెక్క ఇసుకలో గుచ్చుకుని విరిగింది.

"మీట ఆలస్యంగా నొక్కినావు. రేపటి నుంచి గుంటల మీదికి రావద్దు" అన్నారు యజమాని.

"మూడు చుట్లు తిప్పినాను గదయ్యా! మాలకొండా, నువ్వన్నా చెప్పబ్బా" అన్నాడు దాసన్న.

నేను నోరు మెదపలేదు.

తర్వాత ఆ చక్రం విప్పి చూశాను. నూనెలో ఇసుక ముద్దకట్టి ఉంది. మన ఊళ్లో బోరు మోటార్లకు పోసినట్టు శనివారం నేనే దండిగా నూనె పోశాను. ఒడ్డున ఎగిరే ఇసుక దానికి అంటుకుంటుందని తట్టలేదు. రోజూ చేసిన పని రాసుకునే నోటుబుక్కులో అదీ నా చేత్తోనే రాసి ఉంది.

మూడు రోజులుగా దాసన్న ఇంట్లోనే కూర్చున్నాడు. వదిన ఇప్పటికీ ముందు నా కంచంలోనే వడ్డిస్తోంది. "పని పోయింది నాకు గదరా, నువ్వెందుకు పస్తు? తిను" అని ఆయన నవ్వుతాడు. ఆయనకు ఇంకా నిజం చెప్పలేదక్కా. మన ఊళ్లో బోర్లు ఎండిపోయాయి, ఈ పని పోతే నాకు ఇంకో పని లేదు. ఆ భయమే నా నోరు కట్టేసింది.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి, నోటుబుక్కు పట్టుకుని అటే యజమాని దగ్గరికి పోతాను. నేను ఊరికి వచ్చేస్తే అమ్మ ముందు ఏమీ అడగొద్దు. బావకు, పెద్దలకు నమస్కారాలు. చల్లగా ఉండమని ఈసారికి దీవించొద్దు. ఆయన ముందు నా నోరు పెగలాలని దీవించు.

నీ తమ్ముడు,
మాలకొండయ్య