పొగాకు అమ్ముడుపోని దేశం

మంగళవారం, కోవిల్‌పట్టి

ఈరోజు కంపెనీలో ప్యాకింగ్ ఆపేశారు. మన అగ్గిపెట్టెలు కొనే ఆఫ్రికా దేశంలో ఈ ఏడు పొగాకు అమ్ముడుపోలేదట. అది అమ్మితేనే వాళ్లకు డాలర్లు, డాలర్లుంటేనే మన సరుకు కొనేది. "పది దినాలు ఎవురూ రావద్దండమ్మా" అన్నాడు సూపర్‌వైజర్.

"అట్లయితే ఆ ఊరి ఆడోళ్లు పొయ్యి ఎట్ల అంటిస్తారు?" అంది నా పక్కన కూర్చునే సెల్వి.

గేటు దగ్గర సెల్వి నా చెయ్యి పట్టుకుంది. "ఒంటిగా ఏం జేస్తావక్కా? మా ఇంటికి వొచ్చెయ్."

"ఇంట్లో శానా పని ఉండాది" అన్నాను.

ఆయన పోయినప్పటి నుంచి నేను నోరు విప్పి మాట్లాడేది ఆ ప్యాకింగ్ బల్ల దగ్గరే. అయినా ఎందుకలా అన్నానో...

ఇంటికొచ్చి గది ఊడ్చాను. రెండు గిన్నెలు తోమాను. అప్పటికింకా ఆరు కాలేదు.