వెనక సీట్లో మీరుండాలి

వదినగారికి,

ఈ వేసవి సెలవుల్లో సముద్రం చూడడానికి మా కారులో మీరూ రావాలి. ప్రేమకొద్దీ పిలుస్తున్నాననుకునేరు, అసలు సంగతి వేరు.

పోయిన వేసవిలో మా కారు పక్కద్దం ఏదో లారీ తగిలి విరిగిందని మీ తమ్ముడు ఊరంతా చాటారు, గుర్తుందా? లారీ లేదు, గీరీ లేదు. భోజనాలు చేసి హైవే ఎక్కాం. తిన్నని రోడ్డు, మిట్టమధ్యాహ్నపు ఎండ. ఈయన స్టీరింగ్ పట్టుకునే కునుకు తీశారు. కారు రెయిలింగును రాసుకుంటూ పోయింది. పిల్లలు కెవ్వుమంటే గానీ మెలకువ రాలేదు. కాసేపు ఆపి పడుకోమంటే, "నాకా నిద్ర?" అని గయ్యిమంటారు. నేను కబుర్లు చెబుతూ కూర్చుంటే అది ఆయనకు జోలపాటే.

మీరుంటే ఆ భయం లేదు. చిన్నప్పుడు మీ ఇంట్లో రేడియో పగలగొట్టింది నువ్వంటే నువ్వన్న తగవు మీరు ఎత్తితే చాలు, ఆయనకు మూడు రోజులు నిద్ర పట్టదు. కాబట్టి భోజనాలవగానే మొదలుపెట్టండి. వెళ్ళేటప్పుడే రాజీపడిపోకండి, తిరుగు ప్రయాణం కూడా ఉంది.

అది ఎవరి పనో అత్తయ్యగారు నాకు ఎప్పుడో చెప్పారు. అందరం క్షేమంగా ఇల్లు చేరేదాకా నేను మాత్రం నోరు విప్పను.

మీ మరదలు