ఊళ్ళో ఇల్లుండగా లాడ్జి

అల్వాల్, సికింద్రాబాద్
ఆగస్టు 4

నన్ను పెంచిన దొడ్డమ్మ వీరరాఘవమ్మగారికి, లోవలక్ష్మి నమస్కరించి రాసుకునేది.

అక్షరాల్లో తప్పులుంటే మన్నించాలి. నాది అయిదో తరగతితో ఆగిన చదువని మీకు తెలుసు. పైగా బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతాయి. చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి.

మేమిక్కడ క్షేమం. మేము అంటే ఈ రోజుకి తొమ్మిది మందిమి.

ఇంత సిగ్గుపడేదానివి ఫోనులో గుసగుసగా చెప్పొచ్చు కదా అంటారు. ఇంట్లో ఆడవాళ్ళకి ఉన్నది ఒకటే ఫోను, మా అత్తగారు అప్పలకొండమ్మగారిది. స్పీకరు పెట్టకుండా మాట్లాడే మాట ఏదైనా తన మీద చాడీయేనని ఆవిడ నమ్మకం.

నాకు పెళ్ళయి ఏడాది నాలుగు నెలలు. ఈ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉన్న పూట ఒక్కటి లేదు. విజయనగరం వైపు మావాళ్ళలో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా, పరీక్ష వచ్చినా, పెళ్ళి చీరలు కొనాల్సి వచ్చినా మా ఇంటికే వస్తారు. దుప్పట్లుండే బీరువా మా గదిలో ఉంది. దుప్పటి కావలసినవాళ్ళు తలుపు కొడతారు. చలి వేసినవాళ్ళూ కొడతారు, ఉక్కపోసి తిరిగిచ్చేవాళ్ళూ కొడతారు.

మీ అల్లుడు కల్యాణ్‌గారు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని కదా. రోజంతా ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీసి, సాయంత్రం ఇంటికొచ్చి తను ఇరుక్కుంటారు. మొన్న మేడమెట్ల మీద నన్నాపి, సికింద్రాబాద్ స్టేషను దగ్గర లాడ్జిలో సెప్టెంబరు 5 నుంచి రెండు రోజులకి గది తీసుకున్నానని చెప్పారు. జనరల్ బజారులో గాజులు చూస్తామట, కొనకపోయినా సరే. ఇరానీ హోటల్లో కూర్చుంటామట.

నాకు ఒక్కటే కోరిక దొడ్డమ్మా. పెట్టిన మనిషి తాగేదాకా వేడిగా ఉండే టీ. ఈ ఇంట్లో నా టీ ఒక్కసారి కూడా వేడిగా నా నోటికి రాలేదు.

ఇంట్లో ఏమని చెప్పి బయటపడాలి? ఒక మంచి అబద్ధం ఆలోచించి రాయండి. కాల్చడం మరిచిపోకండి.

మీ పాదాల దగ్గర మనసుంచి,
లోవలక్ష్మి

తా.క.: ఆ గదిలో లైటు స్విచ్చి మంచం పక్కనే ఉందట! ఇక్కడ మా గది లైటు ఆర్పాలంటే ముందుగదిలో పడుకున్న మావయ్యగారిని దాటుకుని వెళ్ళాలి.

*

తుని
ఆగస్టు 11

చిరంజీవి సౌభాగ్యవతి లోవకి, దొడ్డమ్మ గుండె చెరువై రాసేది.

నీ ఉత్తరం అందింది. అందినప్పటినుంచి అన్నం సహించడం లేదు. నిన్న మాత్రం పనసపొట్టు కూర కాబట్టి తిన్నాను.

ఎవరి దగ్గర దాస్తావే? ఊళ్ళో ఇల్లుండగా లాడ్జిలో పడుకునేవాళ్ళు నాకు తెలిసి మూడు రకాలు. కోర్టు వాయిదాకి భయపడ్డవాడు, పేకాటలో ఓడినవాడు, ఇంట్లోవాళ్ళు గెంటేసినవాడు. కల్యాణ్‌కి కోర్టు లేదు. పేకాట రాదు, పెళ్ళిలో చూశాను, ఆసుకీ జాకీకీ తేడా తెలియదు. ఇక మిగిలింది ఏమిటి?

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఆకలేస్తుంటే కడుపు నిండిందనేదానివి. ఇప్పుడు గెంటేస్తే గాజులు చూడ్డానికి వెళ్తున్నానంటావు. వేడి టీకి కూడా నోచుకోకుండా, ఆఖరికి లైటు స్విచ్చి కూడా ముట్టుకోనివ్వకుండా చేశారన్నమాట!

ఒక్కటే చెప్తాను. గడప దాటకు. దాటినవాళ్ళది తప్పయిపోతుంది. వంటింట్లోంచి కదలకు, వంటిల్లు ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది. మిగతాది నేను చూసుకుంటాను.

నీకు అండగా,
వీరరాఘవమ్మ

తా.క.: కాల్చమన్నావు, కాల్చేశాను. కళ్ళద్దాలు కనబడక, కాల్చేముందు పక్కింటి కాంతమణి చేత చదివించుకున్నాను. అంగన్‌వాడీ టీచరు కదా, గొంతు పెద్దది. స్విచ్చి దగ్గరికొచ్చేసరికి వీధిలో ఏడవనివాళ్ళు లేరు.

*

అల్వాల్
ఆగస్టు 18

దొడ్డమ్మగారికి, తల కొట్టుకుంటూ లోవ నమస్కారాలు.

అయ్యో దొడ్డమ్మా! నన్నెవరూ గెంటలేదు. అత్తయ్యగారు మంచివారు. చేపల పులుసు వండితే తలకాయ నాకే వేస్తారు. మావయ్య పోలరాజుగారు నాతో ఏడాదిలో ఆరు మాటలు మాట్లాడారు, ఆరూ మంచి మాటలే. మేము ఎవరో గెంటేస్తే వెళ్ళడం లేదు, సరదాకి వెళ్తున్నాం. ఈ ఊళ్ళో చాలామంది అలా వెళ్తారట. దయచేసి కాంతమణిగారికి చెప్పండి, వీధిలోవాళ్ళని ఊరుకోమనండి.

ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు. ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. అన్నం దగ్గర గొంతు సవరించుకుని, "అమ్మా, మరి మేమిద్దరం..." అంటారు. అత్తయ్యగారు తలెత్తి "ఏట్రా?" అంటారు. వెంటనే ఈయన "చారు బాగుంది" అంటారు. అప్పటినుంచి మా ఇంట్లో రోజూ చారే.

ఇంకొక సంగతి ఉంది. మా ఇద్దరికే తెలుసు. రాయడానికి సిగ్గుగా ఉంది, వచ్చే ఉత్తరంలో చెప్తాను.

దీన్ని మాత్రం ఎవరికీ వినిపించకుండా కాల్చేయండి.

మీ పెంపకం,
లోవలక్ష్మి

తా.క.: కాగితం పట్టుకున్న చోటల్లా మరకలయ్యాయి. ఆసుపత్రి పని మీద వచ్చిన చుట్టాలకి వండుతూ మధ్యలో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

*

తుని
ఆగస్టు 30

మా ఇంటి మహాలక్ష్మికి, దొడ్డమ్మ ముద్దులతో, కన్నీళ్ళతో రాసేది.

కవరు విప్పగానే నాలుగు మూలలా పసుపు! చదవకముందే నాకు అర్థమైపోయింది. పసుపు పెట్టిన ఉత్తరం వస్తే శుభవార్తేనని తెలియనంత వెర్రిదాన్నా? పైగా "మా ఇద్దరికే తెలుసు, రాయడానికి సిగ్గు" అన్నావు. మూడో నెలా తల్లీ? నువ్వు రాయకపోయినా నీ పసుపు రాసింది.

అయితే కడుపుతో ఉన్న పిల్లనా వాళ్ళు లాడ్జికి తోలేది! అత్తగారు చేప తలకాయ వేస్తుందని రాశావంటేనే తెలిసిపోయింది, పక్కన నిలబడి రాయించారు.

నా మోకాళ్ళు కదలనివ్వవు. అందుకని సన్యాసినాయుడు మావయ్యనీ, కాంతమణినీ పంపుతున్నాను. నాయుడు మావయ్య సంసారం వదిలేసి పాతికేళ్ళయింది. ఊళ్ళో సంసారాలన్నీ దిద్దేది ఆయనే. కాంతమణి చేతికి దొంగ చలిమిడి ఇస్తున్నాను. మూడో నెలలో పుట్టింటివాళ్ళు ఎవరికీ తెలియకుండా తెచ్చిపెట్టాలి, అందుకే దాన్ని దొంగ చలిమిడి అన్నారు. అయిదో తేదీ పొద్దున్నకి దిగుతారు.

ధైర్యంగా, ఎడమ పక్కకి తిరిగి పడుకో.

ఆశీస్సులతో,
వీరరాఘవమ్మ

తా.క.: ఎవరికీ చెప్పలేదు. పిండి దంచినవాళ్ళు అయిదుగురు, బెల్లం ఇచ్చిన కొట్టువాడు, స్టేషనుకి దింపిన ఆటో అబ్బులు, వీళ్ళకి మాత్రం చెప్పాల్సి వచ్చింది.

*

అల్వాల్
సెప్టెంబరు 8

దొడ్డమ్మగారికి, లోవ రాసేది.

మీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. మీ మనుషులు పొద్దున్న ఏడింటికే వచ్చేశారు.

ఆ పసుపు పులిహోర పసుపు! కడిగినా పోని చేత్తో కాగితం పట్టుకున్నాను, అంతే.

ఆసుపత్రి పని మీద వచ్చిన చుట్టాలు ముందురోజే ఊరెళ్ళారు కాబట్టి ఇంట్లో నలుగురమే ఉన్నాం. సన్యాసినాయుడు మావయ్య కుర్చీలో కూర్చుని, తువ్వాలు దులిపి, మంచినీళ్ళైనా తాగకుండా మొదలుపెట్టారు. "ఏమ్మా అప్పలకొండమ్మా, వట్టి మనిషి కూడా కాని పిల్లని లాడ్జి పాలు చేస్తారా?"

"లాడ్జేటి? ఎవులు సేసినారు? పళ్ళయినా తోంకోనేదు, ఈ తగువేటి బాబూ?" అన్నారు అత్తయ్యగారు.

కేకలకి మేడ మీదినుంచి ఇంటి ఓనరు ఎల్లమ్మగారు దిగారు. "ఏందీ లొల్లి? జెర నిమ్మళంగ మాట్లాడుర్రి. గీ పిల్ల నోట్లకెళ్ళి మాటనే రాదు, దీన్ని ఎవరు ఎల్లగొడ్తరు?"

అంతలో కాంతమణిగారు క్యారియరు మూత తీశారు. చలిమిడి చూడగానే అత్తయ్యగారు తగువు మరిచిపోయారు. "వోలమ్మో! దొంగ సలిమిడే! నాకు సెప్పనేదేటే? ఎన్నో నెల?" అని నన్ను ఊపిరాడకుండా పట్టుకున్నారు. పేపరు మడిచి మావయ్యగారు "నాకూ సెప్పనేదు" అన్నారు. నోట్లో బ్రష్షుతో బయటికొచ్చి, "నాకు కూడా చెప్పలేదు" అన్నారు మీ అల్లుడు.

అందరూ నా వైపు తిరిగారు. నాకేమైందో తెలియదు దొడ్డమ్మా. పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "కడుపూ లేదు, గెంటడమూ లేదు! రెండు రోజులు ఎవరూ లేనిచోట ఒక్క వేడి టీ తాగాలని ఉంది నాకు!"

అరిచేసి, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బ్రష్షు తీసి మొత్తం చెప్పేశారు. అత్తయ్యగారు నెమ్మదిగా చాప మీద కూర్చున్నారు.

"ఆ లాడ్జీలో వొంట ఎవులు సేత్తారు?"

"వాళ్ళేనమ్మా."

"గిన్నెలు?"

"వాళ్ళే."

"తలుపు కొడితే?"

"మనకిష్టమైతే తీస్తాం. లేకపోతే లేదు."

అత్తయ్యగారు లేచి మావయ్యగారి చేతిలో పేపరు లాగేశారు. "నెగండి."

"ఎక్కడికే?"

"లాడ్జీకి. ముప్పై రెండేళ్ళయింది మీ ఇంటికొచ్చి. నాను తలుపు తియ్యని రోజొకటి సూపించండి. ఈళ్ళు కుర్రోళ్ళు, ఈళ్ళకేటి తొందర?"

పావుగంటలో బుట్ట సర్దేశారు. మాకని తీసుకున్న గది వాళ్ళకి ఇప్పించడానికి మీ అల్లుడు వెంట వెళ్ళి దింపి వచ్చారు. మీ మనుషులు భోంచేసి సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. దిద్దడానికి ఏమీ మిగల్లేదని నాయుడు మావయ్య కొంచెం అలిగారు.

అప్పుడు ఇంట్లో ఆయనా నేనూ. ఇల్లు ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. టీ పెట్టాను. రెండు గ్లాసులు పట్టుకుని వెనక మెట్ల మీద కూర్చున్నాం. నాలుక కాలింది దొడ్డమ్మా. కాలిన నాలుకతో నవ్వాను. కడగడానికి రెండే గ్లాసులు.

శనివారం బొబ్బిలి నుంచి మావయ్యగారి పినతండ్రిగారి వాళ్ళు అయిదుగురు పెట్టెలతో దిగారు. ఈయన తలుపు ఓరగా తీసి, "అమ్మా నాన్నా ఇక్కడ లేరు, స్టేషను దగ్గర లాడ్జిలో ఉంటున్నారు" అన్నారు. పాపం, వాళ్ళు కూర్చోకుండానే వెళ్ళిపోయారు.

కాల్చమని ఇక అడగను. కాల్చేలోపు జరగాల్సింది జరిగిపోతోంది.

మీ లోవ

తా.క.: సిగ్గుపడి దాచిన సంగతి నల్ల కళ్ళజోడు. షికారులో పెట్టుకోవడానికి ఆయన కొంటే బియ్యం డబ్బాలో దాచాను. వెళ్ళేముందు అత్తయ్యగారికి దొరికింది. పెట్టుకుని వెళ్ళారు.

*

తుని
సెప్టెంబరు 15

లోవలక్ష్మికి, వీరరాఘవమ్మ నోట మాట రాక రాసేది.

అత్తామామల్ని గెంటేశావటే!

వాళ్ళంతట వాళ్ళే బుట్ట సర్దుకున్నట్టు రాశావు. గెంటినవాళ్ళంతా అలాగే రాస్తారు. సన్యాసినాయుడు కళ్ళారా చూశాడు. "ఆ పిల్ల ఒక్క అరుపు అరిచింది, పావుగంటలో ముసలాళ్ళిద్దరూ బుట్టతో వీధిలో ఉన్నారు" అని రచ్చబండ దగ్గర ఒట్టేసి చెప్తున్నాడు. బొబ్బిలివాళ్ళయితే లాడ్జి దాకా వెళ్ళారట. తలుపెంత కొట్టినా తీయలేదట. సాయంత్రం వరండాలో మీ అత్తగారు నల్లద్దాలతో కనిపించిందట. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు లోకానికి కనబడకుండా పెట్టుకుందని వాళ్ళు మూడు జిల్లాలకి చెప్పారు.

కడుపు నిండిందని అబద్ధమాడే పిల్లకి ఇంత గొంతు ఎక్కడినుంచి వచ్చింది? తిట్టాలని కూర్చున్నాను. కాగితం సగానికి వచ్చింది, తిట్టు రావడం లేదు.

ఇంతకీ నా కంటి ఆపరేషనుకి దసరా వెళ్ళాక నలుగురం మీ ఇంటికి వచ్చి పదిహేను రోజులుందామనుకున్నాం. మానుకున్నాం. వైజాగులో చేయించుకుంటాను.

కొంచెం భయంతో,
వీరరాఘవమ్మ

తా.క.: కాంతమణి తన కోడలితో రెండు రోజులుగా మర్యాదగా మాట్లాడుతోంది.

*

అల్వాల్
సెప్టెంబరు 22

దొడ్డమ్మగారికి, గయ్యాళి లోవలక్ష్మి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. అత్తయ్యగారు లాక్కుని చదివి నవ్వారు. నవ్వి నవ్వి మావయ్యగారి భుజం మీద వాలిపోయారు. ఆయన ఈ ఏడాదిలో నాతో ఏడో మాట మాట్లాడారు: "బాగా అరిచినావమ్మా."

"అందరికీ నిజం చెప్పేయండి అత్తయ్యా" అని బతిమాలాను. "దిద్దకు!" అన్నారు. "ఈ నెల ఎంతమంది వొచ్చినారో సూడు" అన్నారు. చూశాను. పరీక్షలవాళ్ళు హాస్టలు చూసుకున్నారు. పెళ్ళి చీరలవాళ్ళు రాజమండ్రిలో కొనుక్కున్నారు. ఆ పన్ను నొప్పాయనకి తనంతట తనే తగ్గిపోయిందట.

ఎవరైనా ఫోను చేస్తే అత్తయ్యగారు స్పీకరు పెట్టి, "ఏటి సెప్పమంటారు, నా బతుకిలగయిపోనాది" అని గొంతు వణికిస్తారు. అప్పుడు నాకు సైగ చేస్తారు, నేను వంటింట్లో కంచం విసిరికొట్టాలి. మొదటిసారి సిగ్గుపడి మెల్లిగా పెట్టాను. ఫోను చేత్తో మూసి, "అదేటే, ముద్దెడుతున్నావా దానికి? గట్టిగా!" అని కసిరారు. ఇప్పుడు బాగానే వస్తోంది. నిన్న బొబ్బిలివాళ్ళకి రెండు కంచాలూ ఒక మూకుడూ వేశాను.

వచ్చే నెల మొదటి వారం వాళ్ళిద్దరూ మళ్ళీ లాడ్జికి వెళ్తున్నారు. రెండో వారం మేము. ఈ ఇంట్లో ఇప్పుడు నాలుగు టీలు ఒకేసారి వేడిగా తాగుతున్నాం.

మీరు వైజాగు వెళ్ళొద్దు. కళ్ళు చూపించుకోవడానికి ఇక్కడికే రండి, ఎన్ని రోజులైనా ఉండండి. బీరువా ముందుగదిలోకి మార్చాం.

ఎప్పటికీ మీ,
లోవలక్ష్మి

తా.క.: అత్తయ్యగారిది ఒక్కటే షరతు. తిరిగి వెళ్ళేటప్పుడు మీరు వీధి చివరిదాకా గట్టిగా ఏడుస్తూ వెళ్ళాలి. మీ వెనకాల పెట్టె విసిరేది నేనే. మెత్తటి బట్టలే సర్దుకోండి.