అడ్రసు గడిలో మా ఇల్లు

జూలై 4, శుక్రవారం
కోటమ్మ ఈరోజూ తిట్టింది. ఇల్లు లేక ఆమె ఉంటున్న మార్కెట్ షెడ్డు కింద, మూట మీద కూర్చుని. టీబీ మాత్రలు రోజూ నేనే తీసుకెళ్లి మింగిస్తున్నాను. మొదలుపెట్టి మూడు వారాలు, ఇంకా అయిదు నెలల పైనే మింగాలి. "కడుపులో మంట. ఉచ్చ ఎర్రగా వస్తంది. నీ మాత్రలు నువ్వే మింగు పో." రంగు మందుదేనని, మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుందని చెప్పాను. నా ముందే ఉమ్మింది. చివరికి మింగింది.
పొద్దుటినుంచి ఏం తిందో అడగలేదు నేను.

జూలై 8
ఆసుపత్రి నుంచి ఫోన్. "మేడం, కోటమ్మ ఉండేది మీ ఇంట్లోనేనా? ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలి."
ఆసుపత్రిలో ఆమె పేరు రాయించిన రోజు... అడ్రసు గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోలేదు. వెనక క్యూ, పక్కన ఆమె దగ్గు. మా డోరు నంబరు చెప్పేశాను. ఆమెకిచ్చిన మందుల కార్డు మీదా అదే రాశారు. "ఎవరడిగినా ఇదే మా ఇల్లని చెప్పు" అని ఆమెకీ నేర్పాను. ఆ ఒక్కరోజే తిట్టలేదు. నా మొహంలోకి చూసింది.
ఇంట్లో చెప్పలేదు.

జూలై 9
నేను ఆఫీసులో ఉండగా ఆశా కార్యకర్త ఆసుపత్రి కాయితం పట్టుకుని వచ్చి, టీబీ పేషెంటు ఫ్లాటు ఏదని వాచ్‌మన్‌ని అడిగిందట. సాయంత్రానికి అన్ని అంతస్తులకీ తెలిసిపోయింది.
లిఫ్టు దగ్గర పై ఫ్లాటు రత్నకుమారి గారు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని — "చదువుకున్నదానివి. ఎవుర్ని దాచావమ్మా ఇంట్లో?"
ఎవరూ లేరన్నాను.
"మరి కాయితం అబద్ధం చెప్పుద్దా?"
చెప్పింది. చెప్పించింది నేను.
మా ఆయన కంచం ముందు నుంచి లేచాడు. "ఏంది నీ సేవ? ఊళ్లోవాళ్లకి మన గడప రాసిస్తావా?"

జూలై 10
ఆయన గ్లాసు వేరు, టవలు వేరు. షెడ్డు వైపు వెళ్లలేదు. నిన్నా వెళ్లలేదు. భయమా, ఆమె మీద కోపమా... నిజంగా తెలియదు.

జూలై 12
వెళ్లాను. షెడ్డుకి తాళం. పక్కన ఉల్లిపాయల ఆమె — "ఓనరు అందర్నీ తోలేశాడు మొన్న. నీ కోటమ్మ చానా తిట్టింది. నిన్నే ఎక్కువ."
ఈరోజుతో కలిపి నాలుగు రోజుల మాత్రలు నా సంచిలోనే ఉండిపోయాయి.

జూలై 13, ఆదివారం
పొద్దున పది. ఇంటర్‌కంలో వాచ్‌మన్. "మేడం, మూటతో ఒక ముసలామె. పొమ్మంటే పోట్లేదు. కార్డు చూపిస్తంది, ఇది మా ఇల్లు అంటంది."
వెనకాల ఆమె గొంతు. "పొమ్మనేదానికి నువ్వెవుడివిరా? రాసింది చదువు. చదువు రాదా?"
బాల్కనీలోంచి రత్నకుమారి గారు ఎవరెవరినో పిలుస్తున్నారు.
ఆయన పేపరు దించలేదు. "గేటు దాటించావంటే, నేను ఉండను ఇక్కడ."
మాత్రలు తీశాను. ఖాళీ కడుపుతో వద్దు — బాక్సులో మూడు ఇడ్లీలు పెట్టాను. గేటు బయట చేతికిచ్చి వచ్చేయొచ్చు. రేపు? ఎల్లుండి? అయిదు నెలలు?
ఇదే మా ఇల్లని చెప్పు, అన్నాను. చెప్తోంది.
చెప్పులు వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంటర్‌కం మళ్లీ మోగుతోంది. ఆయన ఎత్తడం లేదు. నేనూ...