బావ చెవి

అక్కా,

నిన్న నీ సంవత్సరపు ప్రార్థన జరిగింది. ఆసుపత్రిలో సెలవు దొరక్క నేను ఇందిరాపురంలోనే ఉండిపోయాను. నీ సమాధికి వేసిన పేరు పలకను వీడియో కాల్‌లో చూపించమని బావకు ముందే చెప్పాను. ఆయన అచ్చం నీలాగే ఫోను చెవికి ఆనించుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా నాకు ఆ చెవి తప్ప ఏమీ కనబడలేదు.

“బావా, ఫోను ఎదురుగా పెట్టు!”

“అట్టా పెడితే నీ మాట ఎట్టా వినపడుద్దమ్మాయ్?”

“నా మాట సరే, అక్క పలక చూపించు!”

నా అరుపులకు మావాడు పక్క గదిలోంచి, “మమ్మీ, ధీరే!” అని హిందీలో గొంతు తగ్గించమన్నాడు.

చివరికి బావ ఫోను పలకవైపు తిప్పాడు. అంతా మసక. నీ పేరులో ఒక్క అక్షరమూ ఆనలేదు.

“ఆ అద్దం తుడువు బావా,” అని విసుక్కున్నాను.

ఆయన ఫోను తనవైపు తిప్పుకున్నాడు. అప్పుడు ఆ మసకలోనే కనబడింది మొహం. కండువాతో ముందు తడిసిన చెంప తుడుచుకుని, తర్వాత ఫోను తుడిచాడు.